పొడికి వేసిన తాళం

ఇప్పుడు కూరలో ఉప్పెంత వేయాలో కూడా ఫోనునే అడుగుతున్నారు. ఆ రోజుల్లో, నేను బెంగళూరు మారతహళ్ళిలో కొత్తగా గరిట పట్టుకున్నప్పుడు అట్లా కాదు. ఒకరి వంట గుట్టు ఇంకొకరికి తెలియాలంటే పొయ్యి దగ్గర నిలబడి, ఎటో చూస్తున్నట్టు నటిస్తూ బాండ్లీలోకి చూడాలి. అడిగితే చెప్పరని కాదు. చెబుతారు, నవ్వుతూ చెబుతారు, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ చెబుతారు. కానీ ఏదో ఒక్కటి మాత్రం తప్పించి చెబుతారు. మా అత్త నాకు ఊరగాయ నేర్పినప్పుడు మెంతులు వేయించి దంచాలన్న ముక్క మింగేసింది. ఆ ముక్క ఆమె నోటి నుంచి బయటికి రావడానికి ఆరేళ్ళు పట్టింది. అదీ నాకు కూతురు పుట్టిన సంతోషంలో నోరు జారి. (ఇది రాస్తున్నది ఆ కూతురే. నాకు సంతకం, బస్సు బోర్డు చదవడం వరకే వచ్చు. నేను చెబుతాను, అది రాస్తుంది. నా మాట మోటుగా ఉన్న చోటల్లా నున్నగా దిద్దుతోందని నా అనుమానం. దిద్దనీ, చదువు చెప్పించింది అందుకే కదా.)

అందుచేత, కంప్యూటర్ డిస్కులకు తాళాలు వేయవచ్చా, వేసిన తాళాలు పగలగొట్టి నకళ్ళు తీసుకోవచ్చా అని ఇంటర్నెట్‌లో జరిగిన ఒక పెద్ద యుద్ధంలో నాలాంటిది కూడా దూరిందంటే ఆశ్చర్యపోకండి. కంప్యూటర్ అంటే టీవీకి తమ్ముడు అనుకునే తెలివి నాది. అయినా ఆ యుద్ధంలో రెండు పక్షాలకూ సేనాపతిని నేనే. చివరికి గాయం తగిలింది కూడా నాకే.

మాది కదిరి పక్క ఊరు. మా ఆయన తాపీ మేస్త్రీ. పెళ్ళయిన మూడో నెలకే ఇద్దరం బెంగళూరు వచ్చేశాం. ఆయన పరంజా మీద నిలబడి గోడ కడుతుంటే, కింద సిమెంటు కలిపి బాండ్లీలకెత్తి అందించేది నేను. ఆ చుట్టుపక్కల లేచిన మేడల్లో ఎన్నిటికో ఆయన తాపీ తగిలింది. కామెర్లు వచ్చి ఆయన పోయేనాటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, పిల్లకు నాలుగు. ఆయన పూత పూసిన ఒక మూడంతస్తుల మేడలోనే, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు అద్దెకుండి తిండి తినే పీజీలో, నాకు వంటపని దొరికింది. వంటింటి వెనక తల దాచుకోవడానికి ఒక గది కూడా ఇచ్చారు. ఆ గది గోడ మీద ఒక చోట ఆయన బొటనవేలి ముద్ర సిమెంటులో అట్లాగే ఉండిపోయింది. అందుకని ఆ పని నాకు పని మాత్రమే కాదు. అది పోతే ఇల్లూ పోతుంది, ఆ వేలిముద్రా పోతుంది.

మేడ గలామెను అందరం ఓనరమ్మ అనేవాళ్ళం. తాతల కాలం నుంచీ అక్కడే ఉన్న తెలుగు మనిషి. వాళ్ళ రాగి చేలు మేడలైపోయినా ఆమె కొంగు బిగింపు మాత్రం కళ్ళంలో నిలబడ్డట్టే ఉండేది. ఆమె నన్ను ఉంచడానికి ఒకే ఒక కారణం నా పప్పుల పొడి. పుట్నాలు, వేరుశనగలు, ఎండుకొబ్బరి, ఎండుమిరప, వెల్లుల్లి వేసి చేసే మా వైపు పొడి. ముప్ఫై మంది కుర్రాళ్ళూ దాన్ని ఇడ్లీకి, అన్నానికి, చపాతీకి, దేనికి పడితే దానికి వేసుకునేవాళ్ళు. (ఒకడు బిస్కెట్టుకు అద్దుకుంటుంటే నా కళ్ళతో నేనే చూశాను. వాడిప్పుడు పెద్ద ఆఫీసరట. అందుకే వాడి ఊరు పేరు కూడా చెప్పను.) ఈలోగా బెంగళూరు పక్కన అత్తిబెలె అనే ఊళ్ళో ఉన్న ఓనరమ్మ చెల్లెలి వరసామె, "అక్కా, నీ పీజీలో వంటకు నేనొస్తాను, నా వాళ్ళకంటే బయటివాళ్ళు ఎక్కువా?" అని పోరు మొదలుపెట్టింది. ఆ సంగతి నా చెవిన పడిన మర్నాడే ఓనరమ్మ వంటింట్లోకి వచ్చి పీట వేసుకుని కూర్చుంది.

"ఏనమ్మా, ఆ పొడి ఎట్ల చేసేది? నాకు స్వల్ప చెప్పరాదా? సుమ్నే తెలుసుకుందామని అడిగేది, అంతే."

ఊరికే తెలుసుకునేవాళ్ళు పీట వేసుకుని కూర్చోరు. నేను అంతా చెప్పాను, కొలతలతో సహా చెప్పాను. ఒక్కటి మార్చాను. నా పొడిలో పులుపు కోసం వేసేది నీడలో ఎండబెట్టిన చింతచిగురు. ఉగాది తర్వాత మా అక్క ఊరి నుంచి సంచిలో పంపేది. ఓనరమ్మకు మాత్రం చింతపండు అని చెప్పాను. చింతపండు వేస్తే మొదటి రోజు పొడి బాగానే ఉంటుంది. రెండో రోజుకు తడి లాగి, సిమెంటు బస్తా వానలో తడిసినట్టు గడ్డకడుతుంది. అంతా విన్న ఓనరమ్మ ముఖంలో 'ఇంతేనా?' అన్న అనుమానం కనిపించింది. మరీ సులువుగా చెప్పేశానేమోనని నాకు భయం వేసింది. వెంటనే ఇంకో మాట కలిపాను.

"ఇంకోటి మర్చిపోయినానమ్మా. దించే ముందర గరిటతో బాండ్లీ అంచు మీద మూడుసార్లు తట్టల్ల. తట్టకపోతే రుచి దిగదు."

"మూడుసార్లేనా?"

"మూడేనమ్మా. నాలుగు తట్టితే చేదెక్కుతాది."

ఆ మాట నా నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు నేను ఆలోచించలేదు. దాని ఫలితం మాత్రం రెండేళ్ళు అనుభవించాను. ఓనరమ్మ ఎప్పుడు కిటికీలోంచి చూస్తుందో తెలియదు కాబట్టి, పొడి చేసిన ప్రతిసారీ నేను కూడా టక్ టక్ టక్ అని తట్టాల్సి వచ్చేది. అబద్ధం చెప్పడం తేలికే, దాన్ని రోజూ మేపడమే కష్టం. పాపం ఓనరమ్మ తనింట్లో ఎన్నిసార్లు చేసినా పొడి గడ్డకట్టేది. "నేను చేసేది నీదాని మాదిరి ఉండదే" అని వచ్చి నిలబడేది. "తట్టడంలో తేడా ఉంటుందేమోనమ్మా" అనేదాన్ని. (పాపమే. ఒప్పుకుంటున్నాను.)

ఇక ఆ యుద్ధం. పీజీలో ఇద్దరు కుర్రాళ్ళుండేవాళ్ళు. పేర్లెందుకు, నేను వాళ్ళను తాళం, పంపకం అనేదాన్ని. తాళం నెల్లూరు వైపు పిల్లవాడు, కింది గదిలో ఉండేవాడు. ట్రంకు పెట్టెకు తాళం, బీరువాకు తాళం, చివరికి సబ్బు డబ్బాకు కూడా చిన్న తాళం. పంపకం పాలమూరువాడు, మూడో అంతస్తు. వాకిట్లో ఎవరి చెప్పులు ముందు కనబడితే అవి వేసుకుని ఆఫీసుకు పోయేవాడు. ఎవరి సబ్బైనా వాడిదే. వాడి సంచిలోని నకలు డిస్కులు మాత్రం అందరివీ. పాటలు, ఆటలు, ఆఫీసు సరుకు, ఏది కావాలంటే అది తీసి పంచేవాడు. "పంచుకుంటే తరుగుతదా అక్కా?" అనేది వాడి మూలమంత్రం.

తాళం ఆరు నెలల ఆదివారాలు, పీజీలో నాకు తప్ప ఎవరికీ చెప్పకుండా, గది తలుపు వేసుకుని కూర్చుని చిన్నపిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే ఆటొకటి డిస్కు మీద తయారుచేశాడు. అ నొక్కితే అరటిపండు ఊగుతుంది, ఆ నొక్కితే ఆవు తల తిప్పుతుంది. నాకు రెండక్షరాలు అబ్బాయంటే ఆ ఆవు చలవే. డిస్కుకు గట్టి తాళం వేశాడు. పదహారు అంకెలు కొడితే గానీ తెరుచుకోదు, ఇంకో డిస్కులోకి ఎక్కిస్తే ఆడదు. వాడి ఖర్మకు నెల తిరగకుండానే ఎవడో ఆ తాళం పగలగొట్టి, తెలుగు కుర్రాళ్ళంతా రాసుకునే ఒక ఇంటర్నెట్ గ్రూపులో 'ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండి' అని పెట్టేశాడు. అక్కడ ఎవరూ సొంత పేరుతో ఉండరట, అందరివీ ముసుగు పేర్లే. మా తాళం 'కాపలాదారు' అన్న పేరుతో దొంగల్ని తిడుతూ రాశాడు. వెంటనే 'ధర్మసత్రం' అనే పేరుతో ఒకడు లేచి, "అ ఆ ఇ ఈలకు తాళం వేసినవాడు గాలికి గేటు పెట్టినవాడితో సమానం" అని జవాబిచ్చాడు.

సాయంత్రం నేను చపాతీలు ఒత్తే వేళకు తాళం ఆఫీసు బస్సు దిగేవాడు. ఆ జవాబులన్నీ కాగితాల మీద అచ్చు తీసుకొచ్చి, నా ఎదురుగా నిలబడి రోషంగా చదివేవాడు.

"చూడక్కా, ఈ ధర్మసత్రంగాడు ఎంత మాటన్నాడో! నేను అక్షరాలకు తాళం వేశానా? నేను గీసిన బొమ్మలకు వేసుకున్నాను. నా ఆరు నెలలకు వేసుకున్నాను. వీడికేం చెప్పమంటావు?"

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుండాది అని రాయి నాయనా."

వాడు ముఖం వెలిగించుకుని వెళ్ళాడు. మర్నాడు నేను కూరగాయలు తరుగుతుంటే పంపకం టీ గ్లాసుతో వచ్చి చేరాడు.

"అక్కా, గ్రూపుల ఒకడున్నడు, కాపలాదారంట. నిన్న 'అత్త సొమ్ము అల్లుడు దానం' అని నా నోరు మూసిండు. దీనికేం చెప్పాలె?"

నా చేతిలో వంకాయ అట్లాగే ఆగిపోయింది. కంప్యూటర్ తెలియకపోయినా నా సామెత నాకు తెలియదా? నిన్న ఇంట్లోంచి తోలిన కోడి ఊరంతా తిరిగి వచ్చి నా కాలే పొడిచింది. అప్పుడే చెప్పేయాల్సింది, 'ఒరే, మీరిద్దరూ ఒకే పొడి గిన్నెలో చెయ్యి పెట్టేవాళ్ళురా' అని. చెబితే ఇద్దరిలో ఒకడు పెట్టె సర్దుకుంటాడేమోనని భయపడ్డానని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకొచ్చాను. అసలు సంగతి అది కాదు. నాకు మజాగా ఉండింది. పొద్దున లేస్తే ఉప్పు, పప్పు తప్ప ఇంకో మాట లేని నన్ను, ఇద్దరు ఇంజినీర్లు వచ్చి 'ఏం చెప్పమంటావు' అని అడుగుతున్నారు. ఎవరు వదులుకుంటారు చెప్పండి?

"తాళం వేసితివి, గొళ్ళెం మరిచితివి అని రాయప్పా" అన్నాను.

అట్లా రెండు వారాలు నేను ఎడమ చేత్తో కొట్టి కుడి చేత్తో కాచుకున్నాను. వీడికి 'దీపంతో దీపం వెలిగిస్తే మొదటి దీపానికి తరుగుందా' అని ఇస్తే, వాడికి 'దీపం నీది, నూనె నాదా?' అని ఇచ్చేదాన్ని. గ్రూపులో జనం రెండు జట్లుగా చీలారట. ఎక్కడెక్కడివాళ్ళో 'ఈ కాపలాదారు, ధర్మసత్రం ఇద్దరూ రిటైరైన తెలుగు మాస్టార్లయి ఉంటారు' అని రాశారట. ఆ మాట చదివి వినిపించినప్పుడు నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గ్యాసు పొయ్యి వైపు తిరిగాను.

కానీ మాటల యుద్ధంలో ఎక్కడో ఒక చోట నిజంగా గుచ్చుకుంటుంది. ఒక శనివారం తాళం వచ్చి ఏమీ చదవకుండా బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. కంచంలో పెట్టిన చపాతీ ముట్టుకోలేదు.

"ఏమైంది నాయనా?"

"తన సరుకు మీద తనకే నమ్మకం లేనివాడే తాళం వేస్తాడని రాశాడక్కా. అందరూ వాడికే చప్పట్లు కొట్టారు. నాకిక ఆ ఆటా వద్దు, ఆ డిస్కూ వద్దు. మొత్తం చెరిపేస్తా."

(ఆ ముక్క మాత్రం నేనిచ్చింది కాదు, పంపకం సొంత తెలివి.) వాడి కళ్ళల్లో నీళ్ళు చూసేసరికి నా నోటికున్న గొళ్ళెం ఊడింది. "పిచ్చోడా, నమ్మకం లేక కాదు, వేరే బతుకు లేక వేస్తారు తాళం. నేను కూడా వేసుకుని కూర్చోలేదా?" అన్నాను.

"నువ్వా? దేనికి?"

"పొడికి."

ఇక దాచేదేముంది. ఓనరమ్మకు చింతపండని చెప్పడం, అసలుది చింతచిగురు కావడం, అత్తిబెలె ఆమె కాచుకుని కూర్చోవడం, అన్నీ చెప్పాను. "మూడుసార్లు తట్టడం కూడా రహస్యమేనా?" అని అడిగాడు. అదొక్కటీ ఒట్టి కల్ల అని చెప్పడానికి నాకెందుకో మనసొప్పలేదు. "ఊఁ" అన్నాను. ఎవరికీ చెప్పనని తన కంప్యూటర్ మీద ఒట్టు వేశాడు. కన్నతల్లి మీద కంటే అది పెద్ద ఒట్టు అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. ఇడ్లీలు వాయి మీద వాయి దిగుతున్నాయి. తాళం బల్ల దగ్గర కూర్చుని, ఎన్నాళ్ళకో ఆకలితో తింటున్నాడు. ఇంతలో మెట్ల మీద దబదబమని పంపకం దిగి వచ్చాడు. ఒక కాలికి నల్ల చెప్పు, ఇంకో కాలికి నీలం చెప్పు, రెండూ వాడివి కావు.

"అక్కా! ఆగమైంది! నాతోని రోజూ కొట్లాడే కాపలాదారు అని చెప్పిన కదా, వాడు నీ పొడి గుట్టు మొత్తం గ్రూపుల రాసిండు! చింతచిగురంట, మూడుసార్లు తట్టాలంట, అచ్చం నువ్వు కొట్టినట్టే రాసిండు!"

తాళం చేతిలో ఇడ్లీ ముక్క సాంబారులో పడింది.

"పేరు రాయలేదక్కా" అన్నాడు నీరసంగా. "మారతహళ్ళిలో ఒక పీజీ అక్క అన్నానంతే. తాళం లేకపోతే కష్టజీవి ఎట్లా బతుకుతుందో ఆ ధర్మసత్రంగాడికి అర్థం కావాలని..."

"నాయనా, వాకిలి నంబరు దాచి తాళంచెవి వీధిలో పెట్టినావు కదరా!" అన్నాను నేను. కానీ నా మాట ఎవరూ వినలేదు. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

"నువ్వా కాపలాదారు?"

"నువ్వా ధర్మసత్రం?"

"అక్కను అడగకుండ అక్క గుట్టు ఎట్ల పెడతవ్ రా? గిది దొంగతనం కాదా? అది అక్క కష్టం!" అని పంపకం బల్ల గుద్దాడు.

"పంచుకుంటే తరుగుతుందా అని రాసింది నువ్వే కదరా? విద్య పదిమందికీ తెలిస్తే తప్పేంటి?" అని తాళం లేచి నిలబడ్డాడు.

అని, ఇద్దరూ ఆగిపోయారు. ఎవడి నోట్లోంచి ఎవడి మాట వచ్చిందో ఇద్దరికీ ఒకేసారి వినిపించింది. అక్కడున్న మిగతా కుర్రాళ్ళు పకపకా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. "ఆ రాసింది తీసెయ్యండి నాయనా, ముందర తీసెయ్యండి" అన్నాను. తాళం పరుగెత్తాడు. పంపకం కదలకుండా నేల చూపులు చూస్తున్నాడు.

"నీకేమైంది అప్పా?"

"తీసేసినా లాభం లేదక్కా. అది మన పొడే అని తట్టకముందే... బాగుంది కదా అని మా అమ్మకు, మా చెల్లెకు, ఆఫీసుల పదిమందికి పంపిన."

తెల్లారి సోమవారం మధ్యాహ్నమే ఓనరమ్మ వచ్చింది. చేతిలో ఒక కాగితం. ఆమె కోడలు ఆఫీసులో పనిచేసే పిల్ల, ఆమె కూడా ఆ గ్రూపు చదివేదట. ఓనరమ్మ ఆ కాగితాన్ని నా ముందు పిండి డబ్బా మీద పరిచింది.

"ఇది చదువుతావా?"

"నాకు చదువు రాదు కదమ్మా."

"నాకూ రాదు. మా కోడలు చదివి చెప్పింది. చింతపండు కాదంట. చింతచిగురంట." నన్ను పైనుంచి కిందికి చూసింది. "రెండేండ్లు! రెండేండ్లు ఆ గడ్డల్ని రోట్లో వేసి పగలగొట్టినా కదమ్మా నేను!"

కాగితం మడిచి కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. గురువారం అత్తిబెలె పోయి, చెల్లెలి ఇంటి వెనక చెట్టుకు కోయించిన చింతచిగురు ఒక పెద్ద మూటెడు తెచ్చి, మిద్దె మీద పందిరి నీడలో పాత చీరె పరిచి ఆరబెట్టింది. బట్టలారేయడానికి పోయినప్పుడల్లా నాకు ఆ చీరె కనబడేది. ఆ చిగురు ఎండేకొద్దీ నా గొంతు ఎండింది. ఊరికి పోతే ఎవరింట్లో ఉండాలి, పిల్లను ఏ బడిలో వేయాలి అని ఆలోచిస్తూ, గోడ మీది ఆ వేలిముద్రను కొంగుతో తుడుస్తూ కూర్చునేదాన్ని. కుర్రాళ్ళిద్దరూ మాత్రం ఒక్కటైపోయారు. తాళం తన తాళాల్లో పెద్దదాన్ని తెచ్చి మిద్దె తలుపుకు వేద్దామన్నాడు. పంపకం చీరె మీద చెంబుడు నీళ్ళు పోస్తానన్నాడు. "ఇప్పటికి మీరు చేసిన సాయం చాలు" అని ఇద్దరికీ దండం పెట్టాను.

చిగురు ఎండిన రోజు అత్తిబెలె ఆమె సంచి సర్దుకుని వచ్చేసింది. ఓనరమ్మ నా వంటింట్లోనే, నా బాండ్లీలోనే, ముప్ఫై మందికి సరిపడా పొడి మొదలుపెట్టింది. నన్ను పక్కన నిలబెట్టింది, 'చూడు' అన్నట్టు. మిరపకాయలు వేడెక్కాయి. ఇంట్లో గుప్పెడు మిరపకాయలు వేయించడం వేరు, ముప్ఫై మందికి వేయించడం వేరు. మొదట అత్తిబెలె ఆమె తుమ్మింది. తర్వాత ఓనరమ్మ తుమ్మింది. తర్వాత రెండో అంతస్తు, మూడో అంతస్తు వరసగా తుమ్మాయి. రోడ్డవతల ఇస్త్రీ బండి దగ్గర నుంచి కూడా ఒక తుమ్ము వినిపించింది. అత్తిబెలె ఆమె ముక్కు, కళ్ళు ఏకధారగా కారుతుంటే కొంగులోంచి అడిగింది:

"అక్కా, ఇది ఏడాదికి ఒగసారేనా చేసేది?"

"మూడు దినాలకు ఒగసారమ్మా" అన్నాను నేను.

ఆమె సంచి ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. విప్పనైనా విప్పలేదు. దగ్గుతూనే భుజానికి తగిలించుకుని, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. ఓనరమ్మ మాత్రం పట్టుదల గల మనిషి. కళ్ళు తుడుచుకుంటూ, దించే ముందు గరిటతో బాండ్లీ అంచు మీద టక్ టక్ టక్ అని కొట్టి మరీ దించింది. చల్లారాక రోట్లో దంచి, చిటికెడు నా అరచేతిలో పెట్టింది.

నోట్లో వేసుకున్నాను. నా పొడే. ఉప్పు నాకంటే ఒక రవ్వ బాగా కుదిరింది కూడా. నా చేతి మహిమ ఏదో ఉందని ఇన్నాళ్ళూ అనుకుంటూ ఉండేదాన్ని. అదేమీ లేదు. సరిగ్గా చెబితే ఎవరు చేసినా అదే పొడి. "బాగుండాదమ్మా" అన్నాను. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను, మిరప ఘాటని అనుకుంటుందిలే అనుకున్నాను.

ఓనరమ్మ రోకలి పక్కన పడేసి, పీట మీద చతికిలబడింది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

"ఏనమ్మా, నీకు పిచ్చా? మూడు దినాలకు ఒగసారి ఈ పొగలో నిలబడతావా నువ్వు?"

"అలవాటైపోయిందమ్మా."

"పొడి గుట్టు నాకెందుకే తల్లీ! చేసేదానికి నువ్వుండాక, గుట్టు పెట్టుకుని నేనేమి నాలిక గీసుకునేదా?" అని కాసేపు దగ్గింది. దగ్గు తగ్గాక గొంతు తగ్గించింది. "నువ్వు ఏదో దాచినావని మొదటి దినమే గొత్తు నాకు, బాగా తెలుసు. దాచకుండా చెప్పే ఆడది యాడుండాది? మా సాంబారు పొడిలో ఏమేమి పడతాదో నేను మా కోడలికి ఇంతవరకు పూరా చెప్పిందే లేదు. కానీ ఒగటి చెప్తా విను. అన్నీ దాచినా, ఆ మూడు తట్లు మాత్రం నిజం చెప్పినావు చూడు, అది నీ గొప్ప. తట్టినాకనే నాకు వాసన తేడా తెలిసింది."

నేను ఆ బాండ్లీ ఎత్తుకుని కడగడానికి పోయాను.

ఆ సాయంత్రం ఇద్దరు కుర్రాళ్ళూ వంటింటి గడప మీద పక్కపక్కన కూర్చున్నారు. జరిగిందంతా విని, గ్రూపులో ఇద్దరూ కలిసి ఆఖరి మాట ఒకటి రాయాలని, అదేదో నన్నే చెప్పమన్నారు. నాకు తోచింది చెప్పాను. డిస్కు అయితే ఒక్కటి నొక్కితే ఇంకోటి ఊడిపడుతుంది, ఎవరికీ తుమ్ము రాదు. అందుకే దానికి ఎన్ని తాళాలు వేసినా నిలబడవు. పొడి అట్లా కాదు. నకలు తీసినవాడు కూడా ప్రతిసారీ దగ్గాల్సిందే. నా కొలువును కాపాడింది గుట్టు కాదు, దగ్గు. కాబట్టి నాయనా, తాళం పగలగొట్టి ఊరికే తీసుకునేవాడు, అవతలివాడు ఆరు నెలలు ఎంత దగ్గాడో ఒక్కసారి తలుచుకుంటే మేలు. న్యాయం మీరే చూసుకోండి, నాకు అంతకు మించి తెలియదు. ఇద్దరూ అది అట్లాగే రాశారు. పంపకం తన పేరు కూడా బయటపెట్టి, తాళానికి అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. రెండు వారాలు కత్తులు దూసుకున్న గ్రూపు ఏం జవాబిచ్చిందో తెలుసా? న్యాయం గురించి ఒక్కడూ మాట్లాడలేదట. అందరూ అడిగింది ఒకటే: 'పావుకిలో పుట్నాలకు మిరపకాయలు ఎన్ని?'

తాళం ఆ ఆటను చెరపలేదు. డిస్కుకు వేసిన తాళం తీసేసి మొదటి బొమ్మ కింద తన పేరు రాసుకున్నాడు, 'ఇది చేయడానికి నాకు ఆరు నెలలు పట్టింది' అన్న ఒక్క వాక్యంతో. నా కూతురు అక్షరాలు నేర్చుకున్నది ఆ ఆవుతోనే. పంపకం ఆ వారమే మొదటిసారి సొంత చెప్పులు కొనుక్కున్నాడు. రెండో రోజే ఎవరో వేసుకుపోయారు.

ఇప్పుడు బెంగళూరులోనే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కూతురి ఫ్లాటులో ఉంటున్నాను. గరిట పట్టనివ్వరు, పొగ పడదంటారు. మొన్న ఎదురింటి కొత్త కోడలు, విజయవాడ పిల్ల, "ఆంటీ, పొడి చేస్తున్నాను, కాస్త రుచి చూసి చెప్పరా" అని పిలిస్తే వెళ్ళి కూర్చున్నాను. ఫోనులో చూసుకుంటూ చేస్తోంది. పుట్నాలు, కొబ్బరి, వెల్లుల్లి. ఒక ప్యాకెట్టు విప్పి ఎండిన చింతచిగురు వేసింది. దించే ముందు గరిట ఎత్తి, బాండ్లీ అంచు మీద కొట్టింది.

టక్ టక్ టక్.

"అట్లెందుకు కొట్టావమ్మా?" అన్నాను.

"అలా కొడితేనే రుచి దిగుతుందంట ఆంటీ. మా అమ్మ కూడా కొడుతుంది. ఎందుకో ఎవరికీ తెలీదు."

నాకు తెలుసు. పరంజా మీద సిమెంటు అయిపోయినప్పుడు మా ఆయన పేరు పెట్టి పిలిచేవాడు కాదు, నలుగురిలో సిగ్గు. తాపీతో ఖాళీ బాండ్లీ అంచు మీద మూడుసార్లు తట్టేవాడు. అంటే ఇంకోటి ఎత్తుకురమ్మని. ఎంత రొదలో ఉన్నా ఆ మూడు తట్లు నాకు వినబడేవి, ఇసుక కుప్ప దగ్గర నుంచి లేచి పరుగెత్తేదాన్ని. ఆనాడు ఓనరమ్మ ముందు అబద్ధానికి వెతుక్కుంటే చేతికి దొరికింది అదే. అబద్ధమాడానని ఇన్నేళ్ళూ అనుకున్నానే గానీ, వెర్రిదాన్ని, అందులో నిజంగా నాదైనది అదొక్కటే.

ఆ పిల్లకు ఇవేమీ చెప్పలేదు. "బాగా తట్టావమ్మా" అన్నాను. అన్నాక చూసుకుంటే, కుర్చీలోంచి సగం లేచి నిలబడి ఉన్నాను.